ట్రాక్ ఉంది సరే, పర్మిట్ ఏదీ?

ప్రశ్న: నాకు ట్రెక్కింగ్ అంటే ప్రాణం. సిగ్నల్ లేని చోట్లకు వెళ్తాం కాబట్టి మ్యాప్‌ను ముందే ఫోన్‌లోకి దించుకుంటాను. ఈసారి ఎవరో రికార్డు చేసిన జీపీఎక్స్ ట్రాక్ (నడిచిన దారిని జీపీఎస్ పాయింట్లుగా దాచే ఫైలు) ఒకటి తీసుకుని, నా పాత ట్రాక్‌లు రెండు దానికి కలిపి రూటు వేశాను. నలుగురం వెళ్లాం. దారిలో గేటు మూసి ఉంది. ట్రాక్‌లో 'గేటు పక్క దారి' అని గుర్తు పెట్టిన పాయింటు మీదుగా లోపలికి నడిచాం. సుమారు 3 కిలోమీటర్లు వెళ్లాక అటవీ సిబ్బంది ఆపారు. అది వన్యప్రాణి అభయారణ్యమని మాకు తెలియదు. ఒక్క ఆకు కూడా తుంచలేదు. నా ఫోన్ తీసుకుని, ఏదో కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. టెన్షన్‌లో చదవలేదు. 6 నెలలు దాటితే కేసు చెల్లదని తెలిసినవాళ్లు చెప్పడంతో ఊరుకున్నాను. 7 నెలల తర్వాత ఇప్పుడు హాజరు కావాలని నోటీసు వచ్చింది. అమ్మకు నిద్ర లేదు, ఉద్యోగం పోతుందేమోనని నాకు భయం. క్లౌడ్‌లో ఉన్న ట్రాక్ కాపీ తీసేయమని ఒక స్నేహితుడు, పాయింట్లను సరిహద్దు బయటికి జరిపి ఇస్తానని ఇంకొకడు అంటున్నారు. ఏం చేయాలి? యాప్ వాళ్ల మీద కేసు వేయవచ్చా?

జవాబు: ట్రాక్ ఎవరు పెట్టారో రాశారు, యాప్ ఎలా నడిపించిందో రాశారు. మీ దగ్గర పర్మిట్ ఉందో లేదో మాత్రం రాయలేదు. లేదనే అనుకుంటున్నాను. మీ కేసు తేలేది అక్కడే.

వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లోని 27వ సెక్షన్ ప్రకారం అభయారణ్యంలోకి అడుగు పెట్టడానికే అనుమతి కావాలి. విధుల్లో ఉన్న ప్రభుత్వ సిబ్బంది, లోపల స్థిరాస్తి హక్కు ఉన్నవారు, పబ్లిక్ హైవే మీదుగా వెళ్లేవారు లాంటి కొందరికే మినహాయింపు. మిగతావారు 28వ సెక్షన్ కింద పర్మిట్ తీసుకోవాలి. పర్యాటకం కోసం కూడా ఆ పర్మిట్ ఇస్తారు. అంటే అడిగి ఉంటే మీకు దొరికే అవకాశం ఉంది. ఆకు తుంచలేదన్న మాట ఇక్కడ పనికిరాదు, ఎందుకంటే ప్రవేశమే నేరం. 51వ సెక్షన్ కింద 3 ఏళ్ల వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. జాతీయ ఉద్యానవనాలకూ ఇదే నియమం.

ఇక మీరు మామూలుగా రాసేసిన ఒక్క వాక్యం: 'గేటు మూసి ఉంది.' తెలియక దారి తప్పినవాడు మూసిన గేటు ముందు ఆగుతాడు, వెనక్కి తిరుగుతాడు. మీరు గేటు పక్క దారి వెతికి వెళ్లారు. పైగా ఆ పేరుతో ఉన్న పాయింటు మీరు ఇంట్లో కూర్చుని తయారు చేసుకున్న రూటులోనే ఉంది. ఎవరో పెట్టిన పేరైనా, దాన్ని మీ ప్లాన్‌లో కలుపుకున్నది మీరు. 'తెలియదు' అన్న వాదన ఆ పాయింటు దగ్గరే కూలిపోతుంది. ఈ సంగతి ఇంకెవరికీ రాయకండి, వాట్సాప్‌లో అసలే వద్దు. మీ వకీలుకు మాత్రం ఉన్నదున్నట్టు చెప్పండి.

మీకు నిజంగా మిగిలిన వాదన సరిహద్దు. యాప్‌లో ఆకుపచ్చగా కనిపించే ప్రాంతం చట్టం గీసిన గీత కాదు. అభయారణ్యం హద్దులు ప్రభుత్వ నోటిఫికేషన్‌లో ఉంటాయి. దాని నకలు గెజిట్ నుంచి తెప్పించండి, దొరక్కపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. సర్వే తెలిసిన వ్యక్తితో మీ ట్రాక్‌ను ఆ హద్దుల మీద వేయించి చూడండి. గేటు నుంచి 3 కిలోమీటర్లు నడిచినంత మాత్రాన హద్దు లోపల 3 కిలోమీటర్లు ఉన్నట్టు కాదు. గేటు హద్దు మీదే ఉండాలని లేదు. మీరు నడిచిన బాట రికార్డుల్లో పబ్లిక్ రోడ్డుగా ఉందేమో కూడా చూడాలి. అయితే ఫోన్ జీపీఎస్ తప్పు చూపిందన్న వాదన మీద ఆశ పెట్టుకోకండి. ఆరుబయట దాని తేడా కొన్ని మీటర్లే. దట్టమైన చెట్ల కింద, లోయల్లో ఇంకొంత పెరుగుతుంది. హద్దు పక్కనే ఉన్నవాడికి అది అక్కరకు వస్తుంది, బాగా లోపలికి వెళ్లినవాడికి రాదు.

అందుకే ఆ ట్రాక్ మీకూ సాక్ష్యమే. ఇంట్లో వేసుకున్న రూటుకు సాధారణంగా సమయం ఉండదు. నడుస్తూ రికార్డు చేసిన ట్రాక్‌లో మాత్రం అక్షాంశం, రేఖాంశం, ఎత్తు, సమయం వరుసగా ఉంటాయి. మీరు ఎక్కడ ఆగారు, ఆపిన చోటు హద్దుకు లోపలా బయటా అన్నది చెప్పగలిగేది అదే.

దాన్ని తీసేయమన్న స్నేహితుడి మాట వినకండి. ఇది గట్టిగా చెబుతున్నాను. కోర్టు ముందుకు రావలసిన ఎలక్ట్రానిక్ రికార్డును రానివ్వకుండా చెరిపేయడం భారతీయ న్యాయ సంహిత 241వ సెక్షన్ కింద విడిగా నేరం. దానికీ 3 ఏళ్ల వరకు శిక్ష ఉంది. పాయింట్లు జరిపి ఇస్తానన్నవాడు ఇంకా పెద్ద గోతిలోకి దింపుతున్నాడు. కోర్టు విచారణలో వాడటానికి దొంగ సాక్ష్యం సృష్టిస్తే 229వ సెక్షన్ కింద 7 ఏళ్ల వరకు జైలు. రాజీతో ముగిసే అవకాశమున్న కేసును మీ చేతులతో మీరే అక్కడికి తీసుకెళ్లవద్దు. జీపీఎక్స్ ఫైలు మామూలు టెక్స్ట్ ఫైలే, మార్చడం సులువు. కానీ జరిపిన చోట ఎత్తు ఆ నేలతో కలవదు, నడక వేగం పొంతన కుదరదు. అసలు రికార్డు జప్తు చేసిన ఫోన్‌లో ఉంది. మీ నలుగురి ఫొటోల్లోనూ లొకేషన్, సమయం ఉండి ఉండవచ్చు.

చేయవలసింది దానికి పూర్తిగా వ్యతిరేకం. క్లౌడ్ కాపీని కదిలించకుండా ఉంచండి. మీవాళ్ల ఫోన్లు, వాచీలు రీసెట్ చేయవద్దని చెప్పండి. ఆ ట్రాక్ ఎక్కడ, ఏ తేదీన దించుకున్నారో, ఆఫ్‌లైన్ మ్యాప్ ఎప్పటిదో రాసి పెట్టుకోండి. అసలు ఫోన్ కాకుండా కాపీని కోర్టులో పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ ప్రకారం సర్టిఫికెట్ కావాలి. అందులో ఫైలు హాష్ విలువ (ఫైలు మారలేదని చూపే, దాని వేలిముద్ర లాంటి కోడ్) రాయాలి, నిపుణుడు కూడా సంతకం చేయాలి. అవతలివాళ్లు కాపీ దాఖలు చేస్తే, ఆ సర్టిఫికెట్ ఉందా అని మీ వకీలు మొదట చూస్తారు.

6 నెలల మాట చెప్పినవారు సగమే చదివారు. ఆ గడువు జరిమానా మాత్రమే ఉన్న నేరాలకు. ఏడాది దాటి 3 ఏళ్ల వరకు జైలు ఉన్న నేరాన్ని కోర్టు విచారణకు స్వీకరించడానికి గడువు 3 ఏళ్లు. నేర విచారణ పద్ధతి చెప్పే భారతీయ నాగరిక సురక్షా సంహిత 514వ సెక్షన్‌లో ఇది స్పష్టంగా ఉంది. 7 నెలలు చేతులు కట్టుకుని కూర్చున్నారు. వారంలోపే వకీలును కలిసి ఉంటే ఈ పని సగం అయ్యేది.

చదవకుండా సంతకం పెట్టడాన్ని మాత్రం నేను తేలిగ్గా తీసుకోలేను. నడకకు పాయింటు పాయింటు సరిచూసుకున్న మనిషి, తన మీద రాసిన కాగితం చదవలేదు! పోలీసులకు ఇచ్చిన ఒప్పుకోలు కోర్టులో చెల్లదు కదా, ఇదీ అంతేనని అనుకోకండి. వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని 50వ సెక్షన్ ప్రకారం అసిస్టెంట్ కన్జర్వేటర్ హోదాకు తగ్గని అధికారి నిందితుడి సమక్షంలో నమోదు చేసిన సాక్ష్యం విచారణలో చెల్లుతుంది. కాబట్టి అది పంచనామానా, జప్తు రసీదా, వాంగ్మూలమా, ఏ హోదా అధికారి రాశారు అన్నది ముందు తేలాలి. నకలు కోరుతూ లిఖితపూర్వకంగా దరఖాస్తు ఇవ్వండి. ఫోన్ కోసం మేజిస్ట్రేట్ కోర్టులో పిటిషన్ వేయవచ్చు.

మీకు సరైన దారి అదే చట్టంలోని 54వ సెక్షన్. చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గానీ, ప్రభుత్వం అధికారమిచ్చిన, డిప్యూటీ కన్జర్వేటర్ హోదాకు తగ్గని అధికారి గానీ రాజీ రుసుము తీసుకుని కేసు ముగించవచ్చు. 2022 సవరణతో ఆ రుసుము గరిష్ఠ పరిమితి 5 లక్షల రూపాయలకు పెరిగింది. ఎంత అన్నది అధికారి విచక్షణ, రాజీకి ఆయన ఒప్పుకోవాలని కూడా లేదు. ఒప్పుకుంటే ఆ నేరం మీద మీపై తదుపరి చర్య ఉండదు. కోర్టు శిక్ష పడలేదు కాబట్టి ఉద్యోగానికీ పెద్ద ఊరట. ఆయుధం, మంట, వేట లాంటి ఆరోపణలు కాగితంలో లేవని ముందు చూసుకోండి. డబ్బు కట్టేది ఉత్తర్వు మీద, రసీదు తీసుకుని. ఎవరి చేతిలోనో పెట్టి 'అయిపోయింది' అనుకోకండి.

యాప్ మీద దావా ఆలోచన వదిలేయండి. డబ్బు కట్టి వాడే యాప్ అయితే వినియోగదారుల కమిషన్‌కు 2 ఏళ్లలోపు వెళ్లవచ్చు. కానీ మూసిన గేటు దాటింది మీరు. ఎందుకు దాటారన్న ప్రశ్నకు అక్కడ జవాబు చెప్పలేరు.

హద్దు నోటిఫికేషన్ నకలు, నోటీసు, సంతకం చేసిన కాగితం, ముట్టుకోని ట్రాక్ కాపీ తీసుకుని ఈ వారంలోనే వన్యప్రాణి కేసులు చూసే వకీలును కలవండి. నకలు చేతికి రాకపోయినా నోటీసులో చెప్పిన రోజు హాజరు కావలసిందే. వకీలుతో కలిసి వెళ్లండి, అడిగినదానికి అబద్ధం చెప్పకండి. మిగతా ముగ్గురికీ నోటీసులు వచ్చాయేమో ఈరోజే కనుక్కోండి.