మామయ్య జట్టు, నాన్న జట్టు
పిల్లలు - ఆటలు: పాఠకుల ప్రశ్నలకు విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడి సమాధానాలు

ప్రశ్న: మాస్టారూ, మాది గుంటూరు. డెక్కన్ చార్జర్స్ కాలం నుంచీ నేను హైదరాబాద్ జట్టు అభిమానిని. మా అబ్బాయికి పదేళ్లు. వాడికి చెన్నై జట్టంటే ప్రాణం. చెన్నై గెలిచిన 2023 ఐపీఎల్ ఫైనల్‌ను మా బావమరిది ఇంట్లో అర్ధరాత్రి దాటేదాకా మేలుకుని చూశాడు. ఆ ఏడాది మన జట్టు పదో స్థానంలో ఉంది కాబట్టి నేను ఆసక్తి లేక పడుకున్నాను. ఆ తర్వాత బావమరిది వాడికి ఏడో నంబరు పసుపు చొక్కా కొనిచ్చాడు. నేను కొన్న నారింజ చొక్కా ఇంతవరకు బీరువా దాటి రాలేదు. తండ్రి జట్టే కొడుకు జట్టు కావడం న్యాయం కదా? వీణ్ని మార్చేదెలా?
- ఒక తండ్రి, గుంటూరు

జవాబు: న్యాయం సంగతి వచ్చింది కాబట్టి ముందు మీ లెక్క చూద్దాం. డెక్కన్ చార్జర్స్ 2008లో అట్టడుగున నిలిచింది. మరుసటి ఏడాది దక్షిణాఫ్రికాలో గిల్‌క్రిస్ట్ సారథ్యంలో కప్పు గెలిచింది. 2012తో ఆ జట్టే లేకుండా పోయింది. 2013లో వేరే యజమానులు, వేరే పేరు, వేరే రంగుతో సన్‌రైజర్స్ వచ్చింది. మీరు పాత చొక్కా విప్పి కొత్తది తొడుక్కున్నారు. తప్పేమీ లేదు, ఊరు ఒకటే కదా అనుకున్నారు. కానీ అలా మారిన మనిషి పదేళ్ల పిల్లవాణ్ని మారనందుకు తప్పుపట్టడం ఏం బాగుంటుంది? పైగా సన్‌రైజర్స్ యజమానులు చెన్నైకి చెందిన సన్ టీవీ వాళ్లే. ఈ ముక్క మీ వాడికి ఇంకా తెలియకపోతే మీ అదృష్టం.

తండ్రి జట్టే కొడుక్కి రావడమనేది ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్ లాంటి ఊళ్లలో నిజంగానే ఉంది. అక్కడ ఎవర్టన్ ఫుట్‌బాల్ క్లబ్బు 1878లో, లివర్‌పూల్ క్లబ్బు 1892లో పుట్టాయి. నాలుగైదు తరాలుగా ఇళ్లల్లో నడుస్తున్న అభిమానాలవి. మన ఐపీఎల్ మొదలైందే 2008లో. ఈ సంబరానికి ఇంకా తాతలు తయారు కాలేదు, మీరే మొదటి తరం.

మీది గుంటూరు కాబట్టి ఇంకో మాట. గుంటూరులో పుట్టిన అంబటి రాయుడు ఐపీఎల్‌లో హైదరాబాద్‌కు ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. ముంబయితో మూడు కప్పులు, చెన్నైతో మూడు కప్పులు గెలిచాడు. మీరు పడుకున్న ఆ రాత్రి గుజరాత్ బౌలర్ మోహిత్ శర్మ ఓవర్లో వరుసగా సిక్సరు, ఫోరు, సిక్సరు బాది అవుటయ్యాడు. ఐపీఎల్‌లో అతనికి అదే చివరి మ్యాచ్. కప్పు అందుకునే వేళ ధోని అతన్నీ జడేజానూ ముందుకు పిలిచి వాళ్ల చేతే ఎత్తించాడు. ఎనిమిదేళ్ల పిల్లవాడు అదంతా మామయ్య పక్కన కూర్చుని, పొద్దుపోయినా ఎవరూ పడుకోమని కసరకుండా చూశాడు. మన ఊరి మనిషి కప్పు ఎత్తుతుంటే చూసినవాడికి ఆ జట్టు నచ్చక ఏం చేస్తుంది! చొక్కా ఆ తర్వాత వచ్చింది. మీ బావమరిది మీద కోపం పెట్టుకోకండి, అతను చేసిందల్లా పిల్లవాడితో కలిసి మేలుకోవడమే.

మా నాన్నగారికి హైదరాబాద్ రంజీ జట్టంటే దాని కెప్టెన్ జయసింహే. ఆ ఎత్తిన కాలరు గురించి, ఆ నడక గురించి మళ్లీ మళ్లీ చెప్పేవారు. రేడియో ముందు నన్ను కూర్చోబెట్టుకుని, మనవాళ్లు ఫోరు కొట్టినప్పుడల్లా ఒక వేరుశనగ కాయ తీసి పక్కన పెట్టేవారు. విరామంలో ఆ కాయలన్నీ నావి. హైదరాబాద్ ఎక్కువ ఫోర్లు కొట్టాలని నేను ఎందుకు కోరుకునేవాణ్నో వేరే చెప్పాలా?

కాబట్టి వాణ్ని మార్చే పని మానుకుని, వాడితో కలిసి చూడండి. ఉప్పల్‌కు చెన్నై వచ్చిన రోజున టికెట్లు దొరికితే తీసుకెళ్లండి. వాడు పసుపు చొక్కాలోనే రానివ్వండి, ధోని ఆడే రోజున అక్కడ పసుపుకు కొదవుండదు. దారిలో మీ కథలు చెప్పండి. 2024 మార్చి 27న అదే మైదానంలో సన్‌రైజర్స్ 277 కొడితే ముంబయి 246 దాకా వచ్చింది, మొత్తం 38 సిక్సర్లు. ముంబయి తరఫున అందరికంటే ఎక్కువగా 64 పరుగులు చేసింది తిలక్ వర్మ, మన హైదరాబాద్ కుర్రాడు. అతని సిక్సర్లకు చప్పట్లు కొట్టారా లేదా అని మీ వాడు అడుగుతాడు. నిజం చెప్పండి.

ఒకటి మాత్రం మీరు రాయలేదు. 2024 ఫైనల్‌లో, అదీ చెన్నైలోనే, మీ జట్టు 113కే కుప్పకూలిన రాత్రి మీ వాడు ఎగతాళి చేశాడా, మీ పక్కన కూర్చున్నాడా? పక్కన కూర్చుని ఉంటే మీరు ఈ ఉత్తరం రాయాల్సిన పనే లేదు.

బీరువాలోని చొక్కా వచ్చే ఏడాదికి వాడికి పట్టదు. పక్కింట్లో ఎవరైనా పిల్లలుంటే ఇచ్చేయండి.

ప్రశ్న: మా ఏడేళ్ల అమ్మాయి వాళ్ల నాన్నతో కలిసి మ్యాచ్‌లు చూస్తుంది. జట్టు ఓడితే అన్నం తినకుండా ఏడుస్తుంది. చూపించడం మానేయాలా?
- ఒక తల్లి, విజయవాడ

జవాబు: మానేయక్కర్లేదమ్మా. ముందు వాళ్ల నాన్న ఓడినప్పుడు ఏం చేస్తారో గమనించండి. ఆయన రిమోట్ విసిరికొడుతుంటే పిల్ల ఏడుపు ఎక్కడ నేర్చుకుందో వెతకనక్కర్లేదు. మ్యాచ్ ఏడున్నరకు మొదలై పూర్తయ్యేసరికి పదకొండవుతుంది, బడికి వెళ్లే పిల్లకు అది మరీ ఆలస్యం. మొదటి ఇన్నింగ్స్ చూపించి పడుకోబెట్టండి. మిగతాది పొద్దున్నే వాళ్ల నాన్నే చెప్పాలి, ముందు ఎవరు బాగా ఆడారో, ఆ తర్వాత ఎవరు గెలిచారో. అన్నం మాత్రం ఏడింటికి టాస్ వేయకముందే పెట్టేయండి.