‘ఇఫ్’ దగ్గర తడబాటు ఎందుకు? – మీ ఇంగ్లిష్ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మేడమ్, మాది చిత్తూరు. డిగ్రీ అయిపోయింది, బ్యాంకు పరీక్షలకు చదువుతున్నాను. కండిషనల్స్ (‘ఇఫ్’తో వచ్చే షరతు వాక్యాలు) సూత్రాలు జీరో నుంచి థర్డ్ దాకా నిద్రలో లేపి అడిగినా చెప్తాను. కానీ తప్పులు పట్టుకునే ప్రశ్నల్లో సెకండా, థర్డా అనే దగ్గర ప్రతిసారీ మార్కులు పోతున్నాయి. టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఆ నంబర్లు పక్కన పెట్టమ్మా. అవి పుస్తకం రాసేవాళ్ళ సౌకర్యం కోసం పెట్టుకున్నవి, మాట్లాడేవాళ్ళెవరూ నంబరు తలుచుకుని నోరు తెరవరు. వాక్యం చూడగానే రెండే ప్రశ్నలు వేసుకో. ఇది జరిగే అవకాశం ఉన్నదా, ఉత్త ఊహా? ఊహే అయితే ఇప్పటి సంగతా, అయిపోయిన సంగతా?

మన తెలుగు ఈ పని ఎట్లా చేస్తుందో చూడు. ‘డబ్బుంటే స్కూటీ కొంటాను’ అంటే డబ్బు చేతికొచ్చే దారి ఏదో ఉన్నట్టే. ‘డబ్బుంటే స్కూటీ కొనేదాన్ని’ అంటే లేదని అర్థం. రెండింట్లోనూ ‘ఉంటే’ అట్లాగే ఉంది, మారిందల్లా చివరి క్రియ. ఇంగ్లిష్‌లో మాత్రం రెండు ముక్కలూ మారాలి. మొదటిది ‘ఇఫ్ ఐ హావ్ మనీ, ఐ విల్ బై ఎ స్కూటీ’, రెండోది ‘ఇఫ్ ఐ హాడ్ మనీ, ఐ వుడ్ బై ఎ స్కూటీ’. ఇక్కడ హాడ్ అనేది నిన్నటి మాట కాదు, ఇప్పుడు నా దగ్గర లేదు అని చెప్పడానికి వచ్చింది. పాస్ట్ టెన్స్ రూపం కనబడగానే గతం అనుకోవడం వల్లే సగం మంది ఇక్కడ పొరబడతారు.

ఇక నీ అసలు చిక్కు. ‘డబ్బుంటే కొనేదాన్ని’ అనే వాక్యాన్ని మనం ఈ రోజు గురించీ అంటాం, పోయిన దీపావళి గురించీ అంటాం. వినేవాళ్ళు సందర్భాన్ని బట్టి తెలుసుకుంటారు. ఇంగ్లిష్ ఆ వెసులుబాటు ఇవ్వదు. పోయిన దీపావళి సంగతైతే ‘ఇఫ్ ఐ హాడ్ హాడ్ మనీ, ఐ వుడ్ హావ్ బాట్ ఎ స్కూటీ’ అని తీరాలి. రెండు హాడ్‌లు పక్కపక్కన చూసి అచ్చుతప్పు అనుకోవద్దు. సెకండ్ (ఇప్పటి ఊహ), థర్డ్ (అయిపోయినదాని ఊహ) కలిసిపోయేది ఇక్కడే, అందుకే తెలుగులో వాక్యం అనుకున్నాక ‘ఇది ఇప్పుడా, అప్పుడా’ అని ఒక్కసారి అడుగు.

2021 నవంబరు వానలు గుర్తున్నాయి కదా, తిరుపతి వీధులన్నీ ఏరులయ్యాయి. రామచంద్రాపురం మండలంలో రాయలచెరువు కట్ట నుంచి నీళ్ళు లీకవుతున్నాయని దిగువ ఊళ్ళు ఖాళీ చేయించారు. ఆ రోజు కట్ట మీద నిలబడిన మనిషి ఇంగ్లిష్‌లో మాట్లాడితే ‘ఇఫ్ ద బండ్ బ్రేక్స్, ద విలేజెస్ విల్ బి ఫ్లడెడ్’ అనాలి, అప్పటికి ఆ ప్రమాదం కళ్ళ ముందే ఉంది మరి. కట్ట నిలిచింది. ఇప్పుడు అదే మనిషి ‘ఇఫ్ ద బండ్ హాడ్ బ్రోకెన్, ద విలేజెస్ వుడ్ హావ్ బీన్ ఫ్లడెడ్’ అంటాడు. తెగలేదు, మునగలేదు అనేది ఆ వాక్యంలోనే ఉంది. చెరువూ అదే, కట్టా అదే, మాట్లాడే రోజు మారింది, దాంతో వాక్యం మారింది.

పరీక్షలో ఇంకో రెండు చూసుకో. ‘ఇఫ్ ఐ వుడ్ హావ్ నోన్’ అని ఉంటే కళ్ళు మూసుకుని తప్పు పెట్టు, ‘ఇఫ్ ఐ హాడ్ నోన్’ అనే ఉండాలి. అమెరికాలో కొందరు మాటల్లో అట్లా అంటారు కానీ పరీక్షలో ఒప్పుకోరు. రెండోది, ‘ఇఫ్ ఐ హాడ్ జాయిన్డ్ కోచింగ్ లాస్ట్ ఇయర్, ఐ వుడ్ బి ఇన్ ఎ బ్యాంక్ నౌ’ లాంటి వాక్యం కనబడితే దిద్దబోకు. కారణం పోయినేటిది, ఫలితం ఇప్పటిది, కాబట్టి రెండు ముక్కలూ వేరే కాలాల్లో ఉండటమే సరైనది. చివర్న నౌ, టుడే ఉన్నాయా అని చూస్తే చాలావరకు తెలిసిపోతుంది.

ప్రశ్న: తిరుపతి బస్టాండు దగ్గర ఒక లాడ్జిలో రిసెప్షన్‌లో పని చేస్తున్నాను మేడమ్. ఉత్తరాది నుంచి వచ్చే యాత్రికులతో ఇంగ్లిష్‌లోనే మాట్లాడాలి. గీజరు పని చేయలేదని చెప్పిన ఒకాయనకి ‘ఇఫ్ ద మేనేజర్ కమ్స్, ఐ విల్ టెల్ హిమ్’ అని మర్యాదగానే చెప్పాను. ఆయన కోప్పడ్డాడు. నేనన్నదాంట్లో తప్పేముంది?

జవాబు: నీ మర్యాదలో తప్పు లేదు నాయనా. మేనేజర్ వస్తే చెప్తాను అని నువ్వు తెలుగులో అనుకున్నావు. ఆయన వచ్చేది ఖాయమే అని నీకు తెలుసు, రైలు వస్తే ఎక్కుదాం అన్నట్టే అది. కానీ ఇఫ్ అనేసరికి వస్తాడో రాడో, వస్తే చూద్దాం అన్నట్టు ఆ గెస్టుకు వినబడింది. చన్నీళ్ళతో నిలబడ్డ మనిషికి ఆ మాట ఎట్లా ఉంటుంది చెప్పు. జరిగి తీరేదానికి వెన్ వాడు: ‘వెన్ ద మేనేజర్ కమ్స్, ఐ విల్ టెల్ హిమ్’. అనుమానం ఉన్నప్పుడే ఇఫ్.

కౌంటర్ దగ్గర నీకు రోజూ పనికొచ్చేవి ఇవి. ‘ఇఫ్ యూ డోంట్ హావ్ ఐడీ ప్రూఫ్, వియ్ కాంట్ గివ్ యూ ఎ రూమ్.’ ‘ఇఫ్ యూ స్టే బియాండ్ ట్వెంటీఫోర్ అవర్స్, యూ విల్ హావ్ టు పే ఫర్ అనదర్ డే.’ రేపటి సంగతైనా సరే ఇఫ్ ముక్కలో విల్ పెట్టకు, ‘ఇఫ్ ఇట్ రెయిన్స్ టుమారో’ అంతే. నిజానికి మన ‘వాన పడితే’లో కూడా భవిష్యత్తు లేదు, కాబట్టి తెలుగు ఇక్కడ నీకు సాయమే చేస్తుంది. ఒక్క చోట విల్ రావచ్చు: ‘ఇఫ్ యూ విల్ సైన్ హియర్, ఐ విల్ గెట్ ద కీ’. దయచేసి సంతకం పెడితే అని అడగడం అది, గెస్టులతో బాగుంటుంది.

మన వైపు, తమిళనాడు పక్కనే కాబట్టి ఇంకా ఎక్కువగా, ‘యూ పే మీన్స్ ఐ విల్ గివ్’ అనడం అలవాటు. మనలో మనకు అర్థమవుతుంది, ఢిల్లీ నుంచి వచ్చినాయనకు కాదు. ఆ మీన్స్ తీసేసి మొదట్లో ఇఫ్ పెట్టు.

ప్రశ్న: మా అబ్బాయి ఎనిమిదో తరగతి. ‘అన్‌లెస్ యూ డోంట్ స్టడీ, యూ విల్ ఫెయిల్’ అని రాస్తే టీచరు కొట్టేశారు. చదవకపోతే అని రాయాలంటే డోంట్ ఉండాలి కదండీ? – ఒక తల్లి, శ్రీకాళహస్తి

జవాబు: అన్‌లెస్‌లోనే ఆ ‘కపోతే’ ఉందమ్మా, మళ్ళీ డోంట్ పెడితే ‘చదివితే ఫెయిలవుతావు’ అన్నట్టు తయారవుతుంది. ‘అన్‌లెస్ యూ స్టడీ, యూ విల్ ఫెయిల్’ అని రాయించండి, లేదా ‘ఇఫ్ యూ డోంట్ స్టడీ’ అని. ఆ తప్పు దిద్దించాక కామా గురించి కూడా చెప్పండి: ఇఫ్ ముక్క ముందొస్తే దాని తర్వాత కామా, వెనకొస్తే మామూలుగా అక్కర్లేదు.