జీతం రాని మీటింగుకి వెళ్లాలా, మానాలా?

ప్రశ్న: మాది విజయవాడ. అక్కడ ఇంజనీరింగ్ కాలేజీలో కొన్నేళ్లు లెక్కలు చెప్పాను. పెళ్లయి ఇక్కడికి, కాలిఫోర్నియాకి వచ్చాక మాస్టర్స్ చేశాను. ఈ ఆగస్టు నుంచి ఈస్ట్ బేలో ఒక కమ్యూనిటీ కాలేజీ (రెండేళ్ల ప్రభుత్వ కాలేజీ) వాళ్లు అడ్జంక్ట్‌గా, అంటే పార్ట్‌టైమ్ లెక్చరరుగా తీసుకుని రెండు స్టాటిస్టిక్స్ సెక్షన్లు ఇచ్చారు. క్లాసులు మొదలయ్యే ముందు 'ఫ్లెక్స్ డే', అంటే అధ్యాపకుల శిక్షణ రోజు ఉందని మెయిల్ వచ్చింది. పొద్దున ప్రెసిడెంట్ గారి ప్రసంగం, తర్వాత గంటకొకటి చొప్పున సెషన్లు. పేర్ల పట్టికే రెండు పేజీలుంది. పార్ట్‌టైమ్ వాళ్లకి తప్పనిసరి కాదట. "డబ్బులివ్వని దానికి అంత దూరం ఎందుకు?" అంటున్నారు మావారు. పాఠం చెప్పడం ఇప్పుడు మళ్లీ ఇంకొకరి దగ్గర నేర్చుకోవాలా అని నాకూ ఉంది. వెళ్లనా, మాననా? వెళితే దేనికి వెళ్లను?
– ఒక పాఠకురాలు, ఫ్రీమాంట్

జవాబు: ముందు మీవారి సంగతి చూద్దాం. ఆయన అడిగింది న్యాయమైన ప్రశ్నే. కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీలకి విద్యా సంవత్సరం 175 రోజులు. అందులో 15 రోజుల దాకా పాఠాలు ఆపి, ఆ సమయాన్ని ఇలాంటి శిక్షణకి వాడుకోవచ్చని రాష్ట్ర నిబంధనల్లోనే ఉంది. ఫుల్‌టైమ్ వాళ్లకి ఆ రోజులు జీతంలో కలిసే ఉంటాయి. పార్ట్‌టైమ్ వాళ్లకి మాత్రం డిస్ట్రిక్టుకో (కాలేజీల్ని నడిపే స్థానిక సంస్థ) లెక్క. మీ క్లాసు గురువారాల్లో ఉండి ఫ్లెక్స్ డే కూడా గురువారమే పడితే, ఆ క్లాసు గంటలకి సరిపడా శిక్షణ గంటలు మీరు చూపించాల్సి రావచ్చు. కొన్నిచోట్ల విడిగా గంటకింత అని ఇస్తారు. కొన్నిచోట్ల కాఫీ, బేగెల్ ఇచ్చి పంపిస్తారు. కాబట్టి ఫ్లెక్స్ కోఆర్డినేటర్‌కి ఇవాళే రెండు ముక్కలు రాయండి: నాకు ఎన్ని గంటలకి చెల్లిస్తారు, ఫారం ఎప్పటిలోగా ఇవ్వాలి? యూనియన్ ఒప్పందం కాలేజీ వెబ్‌సైట్లోనే ఉంటుంది, అందులో పార్ట్‌టైమ్ అధ్యాయం తీసి చూడండి. అడగడానికి మొహమాటపడకండి. మనవాళ్లకి జీతం మాటెత్తాలంటే ఎందుకో గొంతులో వెలక్కాయ పడుతుంది.

ఇంకో మాట. ఒక డిస్ట్రిక్టులో పార్ట్‌టైమ్ వాళ్లకి ఫుల్‌టైమ్ పనిలో 67 శాతానికి మించి ఇవ్వకూడదని చట్టం. అందుకే చాలామంది రెండు మూడు డిస్ట్రిక్టుల మధ్య కారులో తిరుగుతుంటారు. ఫ్రీవే ఫ్లయర్లని వాళ్లకి పేరు. రేపు మీరూ అలా తిరగాల్సొస్తే, ఒకచోట కూర్చున్న గంటలు ఇంకోచోట వాటంతట అవే చెల్లవు. ఎక్కడికక్కడ అడిగి తెలుసుకోవాలి.

ఇక మీ ప్రశ్న. పాఠం చెప్పడం మళ్లీ నేర్చుకోవాలా అన్నారు. ఆ హాల్లో మీ పక్కన కూర్చునేవాళ్లలో చాలామంది అది ఎక్కడా నేర్చుకోలేదు. ఇక్కడ స్కూలు టీచరుకి క్రెడెన్షియల్ (బోధనా లైసెన్సు) ఉండాలి గానీ కమ్యూనిటీ కాలేజీలో మీ సబ్జెక్టు చెప్పడానికి మాస్టర్స్ ఉంటే చాలు. పూర్వం వీళ్లకీ క్రెడెన్షియల్ ఉండేది. 1988లో వచ్చిన ఏబీ 1725 చట్టంతో అది పోయింది. అధ్యాపకుల, సిబ్బంది శిక్షణకని నిధి పెట్టిందీ ఆ చట్టమే.

మీకు వచ్చింది విజయవాడ క్లాసు, అందులో సందేహం లేదు. అక్కడ మీ ముందు కూర్చున్నవాళ్లంతా ఇంటర్ ఎంపీసీ చదివి, ఎంసెట్ రాసి, ఒకే వయసులో వచ్చినవాళ్లు. ఇక్కడ మొదటి వరుసలో నర్సింగ్ సీటు కోసం స్టాటిస్టిక్స్ కావాల్సిన నలభై ఐదేళ్ల ఆవిడ ఉంటుంది. ఆవిడ వెనకే డ్యూయల్ ఎన్‌రోల్‌మెంట్ మీద, అంటే హైస్కూల్లో ఉంటూనే కాలేజీ క్లాసుకి వచ్చిన పదహారేళ్ల కుర్రాడు. రాత్రంతా గోడౌన్‌లో పనిచేసి వచ్చి కునుకు తీసేవాడు ఒకడు. పూర్వం వీళ్లలో చాలామంది మీ క్లాసు దాకా రావడానికి రెండు మూడు సెమిస్టర్ల ఆల్జీబ్రా దాటాల్సొచ్చేది, ఆ దారిలోనే చాలామంది మానేసేవారు. 2017లో ఏబీ 705 చట్టం వచ్చాక హైస్కూలు మార్కులు చూసి నేరుగా ట్రాన్స్‌ఫర్ స్థాయి (యూనివర్సిటీలో చెల్లే) లెక్కల్లో కూర్చోబెడుతున్నారు. మంచి పనే చేశారని నా నమ్మకం. కానీ చట్టం చేసినవాళ్లు వచ్చి మీ క్లాసు చెప్పరు కదా. భిన్నాల దగ్గర తడబడేవాళ్లకి స్టాండర్డ్ డీవియేషన్ ఎలా చెప్పాలన్నది మీరు తేల్చుకోవాల్సిందే. ఆ మాట మాట్లాడే సెషన్ పట్టికలో ఉంటే దానికి వెళ్లండి.

తప్పకుండా వెళ్లమని నేను చెప్పేది డీఎస్‌పీఎస్ వాళ్ల సెషన్‌కి. వైకల్యం ఉన్న విద్యార్థుల పని చూసే ఆఫీసు అది. రెండో వారానికల్లా మీకు వాళ్ల దగ్గర్నుంచి ఉత్తరాలు వస్తాయి: ఫలానా విద్యార్థికి పరీక్షలో ఒకటిన్నర రెట్లు సమయం, ఫలానా వారికి నోట్సు రాసిపెట్టేవారు కావాలి అని. జబ్బేమిటో ఆ ఉత్తరంలో ఉండదు, మీరు అడగకూడదు. మన దగ్గర పాఠాలు చెప్పి ఇక్కడికొచ్చినవాళ్లు "ఏమ్మా, ఏమైంది?" అని ఆప్యాయంగానే అడిగేస్తారు. ఇక్కడ అది తప్పు. రెండోది మీ నోట్సు. లెక్కల వాళ్లం చేత్తో రాసి, ఫోనుతో స్కాన్ చేసి, కాన్వాస్‌లో (క్లాసు వెబ్‌సైట్లో) పెట్టేస్తాం. తెర మీది అక్షరాలు చదివి వినిపించడానికి చూపులేని విద్యార్థి వాడే స్క్రీన్ రీడర్‌కి అది ఉత్త బొమ్మ, ఒక్క సమీకరణం కూడా చదవలేదు. దాన్ని ఎలా సరిచెయ్యాలో అరగంటలో చూపిస్తారు. సెమిస్టర్ మధ్యలో విద్యార్థి వచ్చి అడిగాక మొదలుపెడితే వారాంతాలన్నీ దానికే పోతాయి.

పట్టికలో టిల్ట్ అన్న పేరు కనిపిస్తే అదీ మంచిదే. మేరీ ఆన్ వింకెల్మస్ అనే ఆవిడ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి. హోంవర్క్ ఇచ్చేటప్పుడు మూడు సంగతులు ముందే రాసివ్వాలంటుంది: ఇది ఎందుకు చేస్తున్నారు, సరిగ్గా ఏం చెయ్యాలి, మార్కులు దేన్ని చూసి వేస్తాం. చప్పగా ఉంది కదూ? మీ పాత అసైన్‌మెంట్ ఒకటి తీసి చూసుకోండి. 'ఇచ్చిన డేటాను విశ్లేషించి రిపోర్టు రాయండి' అని ఉంటుంది. ఇంట్లో కాలేజీ చదివినవాళ్లున్న పిల్లకి రిపోర్టంటే ఏమిటో తెలుసు. ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కినవాడికి ఒక పేజీనా పది పేజీలా, గ్రాఫు గియ్యాలా వద్దా, ఏదీ తెలియదు. అడగడానికి సిగ్గు. వాడికి సున్నా పడేది లెక్క రాక కాదు.

ఈక్విటీ డేటా సెషన్లని కొన్ని ఉంటాయి, ఏ వర్గం విద్యార్థులు వెనకబడుతున్నారో అంకెల్లో చూపించేవి. మొత్తం కాలేజీ అంకెలు చూపించి నిట్టూర్చేవైతే మానెయ్యండి. మీ కోర్సులో ఎవరు ఏ వారంలో మానేస్తున్నారో చూపించేదైతే కూర్చోండి. పొద్దుటి ప్రసంగం పెళ్లిలో స్టేజీ మీద మైకు పట్టుకున్న మేనమామ లాంటిది, ఎవరూ వినరు, కానీ అందరూ అక్కడే కలుస్తారు. స్టాటిస్టిక్స్ చెప్పే మిగతావాళ్ల బల్ల ఎక్కడుందో వెతుక్కోండి. పాత పరీక్ష పేపర్లు, ఏ చాప్టరుకి ఎన్ని రోజులు పడుతుంది, వసంత సెమిస్టర్‌కి సెక్షన్లు ఎప్పుడు పంచుతారు, ఇవన్నీ అక్కడ దొరుకుతాయి. మీవారికి ఈ చివరిది మాత్రం చెప్పండి, పెట్రోలు మాట ఎత్తరు.

అన్నిటికన్నా నాకిష్టమైన పద్ధతి మాత్రం సాధారణంగా ఆ పట్టికలో ఉండదు. 1969లో ఇల్లినాయ్‌లోని కాలేజ్ ఆఫ్ డుపేజ్‌లో డేవిడ్ గాట్‌షల్ మొదలుపెట్టిన గ్రేట్ టీచర్స్ సెమినార్. నిపుణులెవరూ రారు, పవర్‌పాయింట్ ఉండదు. వచ్చే ప్రతి ఒక్కరూ రెండు కాగితాలు తేవాలి. ఒకదాని మీద తమ క్లాసులో పనిచేసిన ఉపాయం, రెండోదాని మీద తమకి తెగని ఇబ్బంది. మిగతా వాళ్లంతా కూర్చుని ఆ ఇబ్బందిని తిరగేస్తారు. వెల్డింగ్ చెప్పే ఆయన చెప్పిన చిట్కా కాలిక్యులస్ క్లాసులో వాడుకున్నదాన్ని నేను. ఫ్లెక్స్ డేకి మీరూ ఆ రెండు కాగితాలు రాసుకుని బ్యాగులో పెట్టుకెళ్లండి.

ప్రశ్న: నేను అడ్మిషన్స్ అండ్ రికార్డ్స్ కౌంటర్లో పనిచేస్తాను. ఫ్లెక్స్ డే అంటే లెక్చరర్ల పండగ. మమ్మల్ని కౌంటర్లో ఉండమంటారు. మాకని పెట్టేది యోగా, లేకపోతే ఎక్సెల్. ఇంకేమైనా కావాలని అడిగే హక్కు మాకుందా?
– ఒక పాఠకుడు, శాన్ హోసే

జవాబు: ఉంది. 2014లో వచ్చిన ఏబీ 2558 చట్టం శిక్షణలో అధ్యాపకులతో పాటు సిబ్బందినీ చేర్చింది. ఆ నిధుల విషయంలో సలహా ఇచ్చే కమిటీలో సిబ్బంది ప్రతినిధులూ ఉండాలంది. మీ క్లాసిఫైడ్ సెనేట్ (బోధనేతర సిబ్బంది సభ) ద్వారా వెళ్లండి. ఆ రోజు కౌంటర్ పూర్తిగా మూసెయ్యడం కుదరకపోతే పొద్దున సగం మంది, మధ్యాహ్నం సగం మంది సెషన్లకి వెళ్లొచ్చు.

ఏం అడగాలంటే, ఫెర్పా మీద నిజమైన ఫోన్ కాల్స్‌తో చేసే సెషన్ అడగండి. విద్యార్థుల రికార్డుల గోప్యత మీద 1974 నాటి చట్టం ఇది. విద్యార్థి కాలేజీలో చేరాడంటే, వయసు పదహారే అయినా, ఆ కాలేజీ రికార్డుల మీద హక్కు వాడిదే, తల్లిదండ్రులది కాదు. డ్యూయల్ ఎన్‌రోల్‌మెంట్ పిల్లల కోసం మనవాళ్లు ఎంతమంది ఫోన్ చేస్తారో మీకు నేను చెప్పాలా? మీ పేరు విని తెలుగులోకి దిగిపోతారు. "బాబూ, మావాడికి కెమిస్ట్రీలో ఎంతొచ్చిందో కాస్త చూసి చెప్పు నాయనా." అక్కడ నొప్పించకుండా కాదనడం యోగా కన్నా కష్టం. దానికి సాధన కావాలి.

ఇంకా చెప్పాలంటే, మీరే ఒక సెషన్ చెప్పండి, లెక్చరర్లకి. సెన్సస్ రోజు (విద్యార్థుల సంఖ్య లెక్కకట్టే రోజు) లోపల క్లాసుకి రానివాళ్ల పేర్లు తీసెయ్యాలని, అది ఎందుకో, మీకు తెలిసినట్టు వాళ్లలో సగం మందికి తెలియదు. ఆర్థిక సహాయం కాజెయ్యడానికి ఆన్‌లైన్ క్లాసుల్లో చేరే దొంగ పేర్లు కొన్నాళ్లుగా కాలిఫోర్నియా కాలేజీల్ని వేధిస్తున్నాయి. లెక్చరరు ఆ పేరు తియ్యకపోతే వెయిట్‌లిస్టులో ఉన్న అసలు పిల్ల బయటే ఉండిపోతుంది, వచ్చి మీ కౌంటర్ ముందు ఏడుస్తుంది.

ప్రశ్న: గుంటూరులో డిగ్రీ కాలేజీ లెక్చరర్ని. మా ఓరియంటేషన్, రిఫ్రెషర్ కోర్సుల్లాంటివేనా ఇవి?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: కాదు. మీవి 1987లో అకడమిక్ స్టాఫ్ కాలేజీలతో మొదలై ఇప్పుడు మాలవీయ మిషన్ కేంద్రాలయ్యాయి. వాటిలో కోర్సు వారాల తరబడి సాగుతుంది, సర్టిఫికెట్ పదోన్నతికి కావాలి. ఇక్కడివి సొంత కాలేజీలోనే గంటా, రెండు గంటలు. జీతం పట్టికలో పై కాలమ్‌కి వెళ్లాలంటే సాధారణంగా యూనివర్సిటీలో యూనిట్లు చదవాలి, ఫ్లెక్స్ గంటలతో పని జరగదు. మీరు మీ కాలేజీలో ఏదైనా మొదలుపెట్టాలనుకుంటే ఆ రెండు కాగితాల పద్ధతి చూడండి. గ్రాంటు అక్కర్లేదు, శనివారం మధ్యాహ్నం ఒక గది చాలు. ప్రిన్సిపాల్ గారిని మాత్రం చివర్లో టీకి పిలవండి. మొదట్లోనే వచ్చి కూర్చుంటే రెండో కాగితం ఎవరూ బయటికి తియ్యరు.