నోటుబుక్కు కొన్నారు సరే, కథేదీ?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే రకం. ఏ టైమ్‌లో రాయాలి, పెన్నుతోనా ఫోన్‌లోనా, టీ తాగి కూర్చోవాలా తాగకుండానా. రాసిన కథను ముందు పెట్టి అడిగినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. అడిగారు కాబట్టి చెబుతాను, మధ్యలో కాస్త గట్టిగా మాట్లాడితే ఏమీ అనుకోకండి. చోటు చాలక ఉత్తరాలను కుదించాం.

నేను బ్యాంకు ఉద్యోగిని. కథలు రాయాలని కాలేజీ రోజుల నుంచీ కోరిక. రచయితలు తెల్లవారుజామునే రాస్తారని ఎక్కడో చదివి నాలుగున్నరకి అలారం పెట్టుకుంటున్నా. లేచి కూర్చుంటే ఒక్క వాక్యం రాదు, నిద్ర మాత్రం పోతోంది. ఉద్యోగం చేస్తూ కథలు రాయడం కుదిరే పనేనా? – ఎస్. ఎల్., గాజువాక

ముందు ఆ అలారం తీసేయండి. తెల్లవారుజామున రాసేవాళ్లున్నారు, అర్ధరాత్రి దాటాక రాసేవాళ్లున్నారు, పిల్లల్ని ట్యూషన్‌లో దింపి బయట స్కూటీ మీద కూర్చుని రాసేవాళ్లూ నాకు తెలుసు. నిద్ర చెడగొట్టుకుని రాస్తే చదివేవాడికి కూడా ఆవులింతలే వస్తాయి.

ఉద్యోగం అడ్డం అనుకుంటున్నారు గానీ, మనం తలెత్తి చూసే కథకుల్లో చాలామంది ఏదో ఒక పని చేసుకుంటూ రాసినవాళ్లే. కాళీపట్నం రామారావు గారు మీ విశాఖపట్నంలోనే బడిలో మాస్టారు. పాలగుమ్మి పద్మరాజు గారు కాకినాడ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పారు, 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ నడిపిన ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి తెచ్చుకున్నది ఆయన కథే. కేశవరెడ్డి గారు డాక్టరు, నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో కుష్ఠురోగులకు వైద్యం చేశారు. రావిశాస్త్రి గారి సంగతి చెప్పనే అక్కర్లేదు, ప్లీడరు కాకపోయి ఉంటే కోర్టు మెట్ల దగ్గర పడిగాపులు పడే ఆ మనుషులు, ఆ దొంగ సాక్షులు, ఆ పోలీసులు ఆయన కథల్లోకి అలా నడిచి వచ్చేవాళ్లా?

బ్యాంకులో మీది ఏ సీటో రాయలేదు. గోల్డ్ లోన్ కౌంటర్ అయితే మాత్రం అదృష్టవంతులు. పుస్తెలతాడు తాకట్టు పెట్టడానికి వచ్చే ఆవిడ ఇంటిదగ్గరే పసుపుతాడు కట్టుకుని వస్తుందా, మీ కౌంటర్ ముందు అటు తిరిగి మార్చుకుంటుందా? అప్రైజరు గీటురాయి మీద గీస్తున్నంతసేపూ ఆవిడ చూపు ఎక్కడుంటుంది? రాళ్ల బరువు తీసేసి లెక్కకడతామని చెప్పినప్పుడు పక్కనున్న మొగుడు ఏమంటాడు, ఎవరి వైపు చూసి అంటాడు? ఇవన్నీ నేను ఇంట్లో కూర్చుని ఊహించుకోవాలి, మీకు రోజూ ఎదురుగా జరుగుతాయి, మీరేమో వాటిని కౌంటర్ దగ్గరే వదిలేసి నాలుగున్నరకి గోడ వైపు చూస్తున్నారు.

లంచ్ టైమ్‌లో ఎవరో అన్న ఒక్క మాట, అది అంటున్నప్పుడు ఆ మనిషి చేతులు ఏం చేస్తున్నాయో, అంతవరకే రాసిపెట్టుకోండి. 'అప్పుల మీద కథ' లాంటి ఐడియాలు రాసుకోవద్దు, అవి ఎవరికైనా వస్తాయి. (ఖాతాదారుల పేర్లూ వివరాలూ నోటుబుక్కులోకి కూడా రానివ్వకండి, ఉద్యోగం ముఖ్యం.) ఆదివారం తీరిక దొరికినప్పుడు వాటిలో మిమ్మల్ని వదలకుండా సతాయిస్తున్నదాన్ని పట్టుకుని మొదటి నుంచి చివరిదాకా ఒకే ఊపులో చిత్తుప్రతి రాసేయండి. పాత్రకి పేరు తోచకపోతే గీత పెట్టి వదిలేయండి, మధ్యలో సీన్ రాకపోతే 'ఇక్కడ గొడవ' అని రాసి ముందుకు పోండి. దరిద్రంగా ఉంటుంది. ఉండనివ్వండి. రాయడం అలవాటు కాలేదని బాధపడుతూ ఉత్తరాలు రాసేవాళ్లలో చాలామందికి అలవాటు కానిది ముగించడం.

మొదటి పేరా దగ్గరే ఆగిపోతున్నా. మార్చి మార్చి రాస్తున్నా గానీ రెండో పేజీకి వెళ్లడం లేదు. రాసినంతవరకూ పంపుతున్నా, ఎలా ఉందో చెప్పండి. – డిగ్రీ విద్యార్థి, సిద్దిపేట

మీ మొదటి వాక్యం ఇదీ: 'తూర్పు దిక్కున భానుడు తన బంగారు కిరణాలతో పుడమితల్లిని ముద్దాడుతున్న వేళ, పక్షుల కిలకిలారావాల మధ్య ఆ పల్లె మెల్లగా ఒళ్లు విరుచుకుంది.' ఈ భానుడు నా టేబుల్ మీద తరచూ ఉదయిస్తూనే ఉంటాడు. మిమ్మల్ని అని లాభం లేదు, బడిలో వ్యాసరచన పోటీలకి ప్రైజులిచ్చి మనకు నేర్పింది ఇదే.

కానీ అదే పేజీలో కింద, మూడో పేరాలో ఇలా రాశారు: 'అమ్మ బియ్యం డబ్బాలో గ్లాసు దింపింది. గ్లాసు అడుక్కి గీసుకున్న చప్పుడు వినగానే నాన్న టీవీ సౌండ్ పెంచాడు.' ఇది చదివి నేను వెనక్కి వెళ్లి ఇంకోసారి చదివాను. కథ ఇక్కడ మొదలైంది. డబ్బాలో బియ్యం అయిపోయాయి, నాన్నకి తెలుసు, తెలియనట్టు ఉండాలనుకుంటున్నాడు, అమ్మకి ఆ సంగతీ తెలుసు. ఇంత ఉంది ఆ రెండు వాక్యాల్లో. ఆ వెంటనే 'మా ఇంట పేదరికం తాండవిస్తోంది' అని ఒకటి చేర్చారు చూశారూ, దాన్ని కొట్టేయండి. డబ్బా చెప్పాక మీరు మళ్లీ సాక్ష్యం చెప్పక్కర్లేదు.

ముందుకు కదలకపోవడానికి కారణం చాలావరకూ ఫోనే అని నా అనుమానం. ఫైలు తెరవగానే మొదటి పేజీయే కనిపిస్తుంది, కనిపించింది కాబట్టి దిద్దబుద్ధవుతుంది, దిద్దేసరికి ఆ పూటకి ఉన్న ఓపిక అయిపోతుంది. రేపు ఆ ఫైలు తెరవకండి. ఖాళీ పేజీలో 'నాన్న టీవీ సౌండ్ పెంచాడు' తర్వాత ఏం జరిగిందో రాయండి. అమ్మ ఏమైనా అంటుందా? అనకుండా గ్లాసు పట్టుకుని పక్కింటికి వెళ్తుందా? వెళ్తే ఏం చెప్పి అడుగుతుంది? ఆ పూటకి అన్నం ఎలా వండారో తేలేదాకా మొదటి పేరా జోలికి పోవద్దు. తేలాక దాన్ని పూర్తిగా తీసేసి చదివి చూడండి, ఎవరికీ ఏ లోటూ తెలియదని నా నమ్మకం.

కథ తట్టగానే ఫ్రెండ్స్‌కి చెప్పేస్తా, అందరూ సూపర్ అంటారు. తర్వాత రాయబుద్ధి కాదు. ఎందుకలా? – వి. ఆర్., నెల్లూరు

విజిల్ తీసేసిన కుక్కర్లో పప్పు ఉడకదు. పైగా మీరు నోటితో చెప్పినప్పుడు మీ గొంతు, కళ్లు, చేతులు సగం పని చేసేస్తాయి, కాగితం మీద అవేవీ ఉండవు. రాశాక చెప్పండి.

మా నాగర్‌కర్నూల్ యాసలో కథ రాస్తున్నా. మొత్తం యాసలోనే రాయాలా, మాటల్లో మాత్రం పెడితే సరిపోతుందా? ఫోన్‌లో మాట్లాడి టైప్ చేయించడం నా అలవాటు. – ఎం. కె.

రెండు రకాలుగానూ మన దగ్గర గొప్ప కథలున్నాయి. నామిని సుబ్రహ్మణ్యం నాయుడు గారు కథ చెప్పే గొంతు కూడా చిత్తూరు జిల్లా పల్లె మాటలోనే ఉంచారు. అక్కడ చెబుతున్నవాడు ఆ ఇంటివాడే, కాబట్టి అది కుదిరింది. మీ కథను ఎవరు చెబుతున్నారో తేల్చుకోండి. పొలం దగ్గరున్న పిల్లవాడు చెబుతుంటే మొత్తం యాసే రావాలి, ఊరొదిలి హైదరాబాద్‌లో పదేళ్లున్నవాడు చెబుతుంటే అతని మాట కొంత మారి ఉంటుంది, ఇంటికి ఫోన్ చేసినప్పుడు మళ్లీ పాతదైపోతుంది. ఆ మారడమే ఒక కథ కావచ్చు. యాస అంటే నాలుగు 'గట్ల'లు, రెండు 'గిట్ల'లు చల్లడమనుకునేవాళ్లు మాత్రం రాయకపోవడమే మేలు.

మాట్లాడి టైప్ చేయించడం దగ్గర జాగ్రత్త. మీరు 'యాడికి పోయినవ్‌రా' అంటే అది మర్యాదగా 'ఎక్కడికి పోయావురా' అని దిద్దిపెట్టే ప్రమాదం ఉంది, మీరూ గమనించకుండా వదిలేస్తారు. గుర్తుగా పెట్టుకోవడానికి ఫోన్ వాడుకోండి. సంభాషణలు మాత్రం చేత్తో రాసి, పైకి చదువుకుని, వీలైతే మీ నాయనమ్మకో అమ్మమ్మకో వినిపించండి. 'ఎవలంటర్‌రా అట్ల' అని ఆవిడ తిట్టిన చోటల్లా మార్చుకోండి.

కథలో ఆడపడుచు పాత్ర పెట్టాను. అచ్చయితే మా ఇంట్లో పెద్ద గొడవవుతుందని టెన్షన్‌గా ఉంది. పేరు మార్చితే చాలా? – పేరు వద్దన్న పాఠకురాలు, తెనాలి

చాలదమ్మా. మనుషుల్ని పేరుతో గుర్తుపట్టరు, ఊతపదంతో పడతారు. మీ కథలో ఆవిడ ప్రతి మాటకీ ముందు 'నాకెందుకులే గానీ' అంటుంది, అదొక్కటి చాలు. ఆవిడ స్వయంగా కనిపెట్టకపోయినా మీ తోడికోడలు కనిపెట్టి ఫోన్ చేసి మరీ చెబుతుంది. ఊతపదాన్ని వేరే పాత్రకి ఇచ్చేయండి, వయసు మార్చండి, అవసరమైతే ఆడపడుచుని బావగారిని చేయండి.

ఇది గొడవ తప్పించుకోవడానికి చెప్పింది. కథ కోసం చెప్పాల్సింది వేరే ఉంది. మీరు పంపిన ఎనిమిది పేజీల్లో కోడలు ఒక్క తప్పు మాట అనలేదు, ఒక్కసారి కూడా అసూయపడలేదు. ఆడపడుచు నోరు తెరిస్తే విషమే. చదువుతుంటే కథలా లేదు, పెద్దమనుషుల ముందు పెట్టిన ఫిర్యాదులా ఉంది. ఆడపడుచు ఏ రాత్రయినా నిద్రపట్టక హాల్లోకి వచ్చి కూర్చుందా? పుట్టింట్లో తన గది మీకు ఇచ్చేశాక వచ్చినప్పుడల్లా బ్యాగు ఎక్కడ పెట్టుకుంటుంది? ఆవిడ వైపు నుంచి ఒక్క పేజీ రాసి చూడండి, కథలో వాడకపోయినా సరే. ఆ పేజీ రాయబుద్ధి కాకపోతే కోపం ఇంకా పచ్చిగా ఉందన్నమాట, కొన్నాళ్లు పక్కన పెట్టండి.

రాస్తున్న రోజుల్లో వేరేవాళ్ల కథలు చదివితే వాళ్ల శైలి వచ్చేస్తుందని భయం. చదవడం మానేశా. – పి., బెంగళూరు

వచ్చేస్తే రానివ్వండి, నాలుగు కథలకి అదే పోతుంది. చదవడం మానేస్తే మాత్రం టీవీ సీరియల్ డైలాగులు వస్తాయి, అవి పోవు. బెంగళూరులో తెలుగు పుస్తకాలు దొరకవని అనకండి. కాళీపట్నం రామారావు గారు 1997లో శ్రీకాకుళంలో పెట్టిన కథానిలయం ఉంది కదా, పాత పత్రికల్లో వచ్చిన కథల్ని పేజీలు పేజీలుగా స్కాన్ చేసి వాళ్ల వెబ్‌సైట్లో ఉంచారు. అప్పుడు అచ్చయిన పేజీలోనే, పక్కన ప్రకటనలతో సహా చదవొచ్చు. కథ నచ్చితే ఆఖరి పేరా చేత్తో ఎత్తి రాయండి. ఎక్కడ ఆపారో అప్పుడు తెలుస్తుంది.

కథ పంపి నెలలు గడిచాయి, ఉలుకూ పలుకూ లేదు. మళ్లీ అడగొచ్చా? – డి. ఎస్., ఖమ్మం

ఒకసారి అడగండి, రెండోసారి వద్దు. ఈలోగా ఇంకో కథ మొదలుపెట్టండి. అన్నట్టు హామీపత్రం జతచేశారా? ఇది నా సొంత కథ, దేనికీ అనువాదమో అనుకరణో కాదు, ఎక్కడా అచ్చవలేదు, వేరేచోట పరిశీలనలో లేదు అని రెండు వాక్యాలు. అది లేక పక్కన పడిపోయే కథలు బోలెడు. ఫైలు యూనికోడ్‌లో పంపండి, ఫోటోలు తీసి వాట్సాప్‌లో పెట్టకండి.

కలం పేరు పెట్టుకోవాలా? 'నిశీధి', 'అక్షరాగ్ని' అని రెండు అనుకున్నా. – జి. టి., అనకాపల్లి

రెండూ వద్దు. కారా (కాళీపట్నం రామారావు), చాసో (చాగంటి సోమయాజులు), కొ.కు. (కొడవటిగంటి కుటుంబరావు) అన్నీ సొంత పేర్లను కుదించుకున్నవే, ఎంత హాయిగా ఉన్నాయో చూడండి. దాక్కోవాల్సిన అవసరం ఉంటే కలం పేరు మంచిదే. బీనాదేవి అంటే ఒక ఆవిడనే అనుకున్న పాఠకులు ఎంతమందో, నిజానికి అది భార్యాభర్తలిద్దరి పేరు. మీరు ఏది పెట్టుకున్నా హామీపత్రంలో అసలు పేరు, బ్యాంకు పాస్‌బుక్‌లో ఉన్నది ఉన్నట్టు రాయండి. పారితోషికం 'అక్షరాగ్ని' పేరు మీద వస్తే ఏ బ్యాంకూ ఇవ్వదు.