ప్రాజెక్టులో మొదటి దశ అయిపోయాక, రెండో దశకు వెళ్లేముందు రివ్యూ ఎలా పెట్టాలి?

క్లయింటు, ఫైనాన్స్, యూజర్లు కలిసి కూర్చునే రివ్యూలో ఏం చూపించాలని అడిగారు. దానికంటే ముందు నిర్ణయం చెప్పేదెవరో తేల్చుకోండి. డబ్బు మంజూరు చేసే అధికారం ఉన్న మనిషి రాలేకపోతే మీటింగ్ వాయిదా వేయడమే మేలు. ఆయన బదులు వచ్చినవాళ్లు "సార్‌తో మాట్లాడి చెబుతాం" అంటారు, ఈలోపు టీమ్ పని మొదలుపెట్టేస్తుంది. ఆ తర్వాత ఆపమనడం ఎవరివల్లా కాదు.

కాగితాలు కనీసం 3 పనిదినాల ముందే పంపండి. స్లయిడ్ల కుప్ప వద్దు, మూడు గళ్ల పట్టిక చాలు: మొదట్లో ఏమనుకున్నాం, ఇప్పుడేం తేలింది, దానివల్ల రెండో దశలో ఏం మారుతుంది. ఉదాహరణకు ఒక వరుస ఇలా ఉంటుంది: "పాత డేటా ఉన్నదున్నట్టు కొత్త సిస్టమ్‌లోకి ఎక్కించొచ్చనుకున్నాం. ఒకే కస్టమర్ రెండు మూడు పేర్లతో నమోదై ఉన్నట్టు తేలింది. శుభ్రం చేయడానికి అదనంగా 4 వారాలు, యూజర్ల వైపు నుంచి ఒక మనిషి కావాలి." ఖర్చెందుకు పెరిగిందో ఫైనాన్స్‌కీ, తమ వంతు పనేంటో యూజర్లకీ ఆ ఒక్క వరుసతోనే అర్థమైపోతుంది. ఇలాంటి చేదు వార్త మాత్రం మీటింగ్‌లో మొదటిసారి వినిపించకూడదు. ముందురోజే ఒక్కొక్కరికీ విడిగా చెప్పేయండి, లేకపోతే గంటసేపూ వాదనకే సరిపోతుంది.

ఖర్చును ఒక్క అంకెగా కాక, పరిధిగా చెప్పండి. తొలి ముతక అంచనా మైనస్ 25 నుంచి ప్లస్ 75 శాతం దాకా అటూఇటూ కావచ్చని ప్రాజెక్టుల నిర్వహణకు ప్రామాణికంగా వాడే పీఎంబాక్ గైడ్ చెబుతుంది. రివ్యూ నాటికి ఆ పరిధి బాగా కుదించుకుపోవాలి. కుదించుకుపోలేదంటే మొదటి దశలో తేల్చాల్సినవి ఇంకా మిగిలున్నాయన్నమాట.

ప్రాజెక్టు పూర్తయ్యాక దాన్ని రోజూ నడపాల్సిన సపోర్ట్ టీమ్‌ని ఈ రివ్యూకి పిలవడం చాలామంది మరిచిపోతారు. తప్పకుండా పిలవండి.

నిర్ణయం నాలుగింట్లో ఒకటి కావాలి: ముందుకు, షరతులతో ముందుకు, సరిచేసి మళ్లీ రివ్యూ, మూసివేత. ఎక్కువగా దెబ్బతినేది రెండోదానితోనే. షరతు పెట్టి అందరూ మరిచిపోతారు. అందుకని ప్రతి షరతుకూ బాధ్యుడి పేరు, గడువు తేదీ, గడువు దాటితే ఏ పని ఆగుతుందో రాసిపెట్టండి. మినిట్స్ (మీటింగ్‌లో ఏం తేలిందో రాసిన కాగితం) అదే రోజు పంపి, అధికారం ఉన్న మనిషి నుంచి "ఆమోదించాను" అని రాతలో తీసుకోండి. "చూశాను, బాగుంది" అని జవాబొస్తే దాన్ని ఆమోదంగా లెక్కేయకుండా మళ్లీ అడగండి.