రోవర్ మీద పనిచేయాలంటే రోబోటిక్స్ బ్రాంచే కావాలా?

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. చంద్రయాన్-3 దిగినప్పటి నుంచీ వాడిది ఒకటే మాట, అంగారకుడి మీద రోవర్ నడపాలని. అందుకు బీటెక్ రోబోటిక్స్‌లోనే చేరతానంటున్నాడు. మెకానికల్ తీసుకోరా అంటే అలిగాడు. మాకు టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
- ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: ముందు మీవాడి మాటను సీరియస్‌గా తీసుకోండి. రోవర్ నడపడం నిజంగా ఉన్న ఉద్యోగమే. కాకపోతే పేరు చూసి బ్రాంచి ఎంచుకోవద్దని మాత్రం గట్టిగా చెబుతాను.

రోవర్ నడపడమంటే జాయ్‌స్టిక్ పట్టుకుని కూర్చోవడం అనుకుంటారు చాలామంది పిల్లలు. అంగారకుడి నుంచి సిగ్నల్ ఇక్కడికి చేరడానికే దూరాన్ని బట్టి 3 నుంచి 22 నిమిషాలు పడుతుంది. రాయి కనబడిందని బ్రేక్ వేసేలోపు బండి దాన్ని ఎక్కేసి ఉంటుంది. అందుకే డ్రైవర్లు అంతకుముందు వచ్చిన ఫోటోలతో అక్కడి నేలను కంప్యూటర్‌లో త్రీడీలో చూసుకుంటారు. ఎంత దూరం వెళ్లాలి, ఎక్కడ తిరగాలి, ఏం తేడా వస్తే ఆగిపోవాలి అన్నీ కమాండ్లుగా రాసి, సరిచూసి పంపుతారు.

అంగారకుడి మీదున్న నాసా రోవర్ క్యూరియాసిటీ చక్రాల సంగతి మీవాడికి తప్పక చెప్పండి. దాదాపు 900 కిలోల ఆ రోవర్ 2012 ఆగస్టులో గేల్ బిలంలో దిగింది. దాని ఆరు చక్రాలూ అల్యూమినియంవే. నేల మీద పట్టు కోసం చక్రం చుట్టూ ఉబ్బెత్తు పట్టీలుంటాయి, వాటి మధ్య రేకు మందం ముప్పావు మిల్లీమీటరు. 2013 చివరికల్లా ఆ రేకుకు చిల్లులు పడుతున్నట్టు ఫోటోల్లో తేలింది. నేలలో దిగబడి ఉన్న మొనదేలిన రాళ్లు కదలవు, వెనక చక్రాలేమో తోస్తూనే ఉంటాయి. ఆ తోపుడుకు ముందు చక్రం రాయి మీదికెక్కి చిరుగుతోంది. వెళ్లి చక్రం మార్చే వీలు లేదు. కాలిఫోర్నియాలోని నాసా జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీలో రాళ్లు పరిచి, టెస్ట్ రోవర్‌ను నడిపి పరిశీలించారు. మెత్తటి దారులు వెతికారు, కొన్నిచోట్ల వెనక్కి నడిపించారు. రాళ్లెక్కేటప్పుడు ఏ చక్రం ఎంత వేగంతో తిరగాలో లెక్కగట్టే సాఫ్ట్‌వేర్‌ను 2017లో పంపారు. 2021లో దిగిన తర్వాతి రోవర్ పర్సెవరెన్స్‌కు రేకు మందం పెంచి, 24 పట్టీలకు బదులు 48 పెట్టారు.

ఈ ఒక్క చక్రం కథలోనే మెకానికల్, ఎలక్ట్రికల్, కంప్యూటర్ సైన్స్ మూడూ ఉన్నాయి. ఆ రోవర్లను నడిపిన వందీ వర్మ మన చండీగఢ్‌లో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివారు. రోబోటిక్స్ ఆ తర్వాత అమెరికాలో, కార్నెగీ మెలన్‌లో పీహెచ్‌డీ స్థాయిలో చేశారు. నేను చెప్పే వరుస కూడా అదే. బీటెక్‌లో ఒక మూల బ్రాంచి గట్టిగా, రోబోటిక్స్ ఆ తర్వాత.

ఇస్రో సైంటిస్ట్/ఇంజనీర్ నోటిఫికేషన్లు కూడా ఎక్కువగా ఎలక్ట్రానిక్స్, మెకానికల్, కంప్యూటర్ సైన్స్ వాళ్లకే వస్తాయి. 65 శాతం మార్కులు లేదా 6.84 సీజీపీఏ అడుగుతారు. రోబోటిక్స్ డిగ్రీని ఏ బ్రాంచితో సమానంగా చూస్తారన్న చిక్కు అప్పుడు ఎదురుకావచ్చు. జేఈఈ అడ్వాన్స్‌డ్‌లో మంచి ర్యాంకు వస్తే తిరువనంతపురంలో అంతరిక్ష కోర్సులు చెప్పే ఐఐఎస్‌టీ కూడా చూడండి.

అమెరికా గురించి ఒక మాట ముందే తెలిసి ఉండాలి. అక్కడి అంతరిక్ష ఉద్యోగాల్లో చాలావాటికి ఆ దేశ పౌరసత్వమో గ్రీన్‌కార్డో కావాలి. ఆశంతా అక్కడే పెట్టుకోనక్కర్లేదు. చంద్రయాన్-3లో వెళ్లిన 26 కిలోల మన రోవర్ ప్రజ్ఞాన్ 2023 ఆగస్టు 27న చంద్రుడి మీద మూడు మీటర్ల ముందు నాలుగు మీటర్ల వెడల్పు గుంత ఎదురైతే వెనక్కి తిరిగింది. ఆ కమాండ్ పంపింది మనవాళ్లే.

కాలేజీ ఎంచుకునేటప్పుడు రోవర్ టీమ్ ఉందో లేదో అడగండి. అమెరికాలోని యూటా ఎడారిలో జరిగే యూనివర్సిటీ రోవర్ ఛాలెంజ్‌కు మన దేశపు విద్యార్థులూ వెళ్తున్నారు.

ఇక మెకానికలా ఇంకోటా అన్నది మీరూ పట్టుబట్టకండి. పరీక్షలయ్యాక ఒక ఆర్డినో కిట్ (కోడ్ రాసి మోటార్లు, సెన్సార్లు నడిపే చిన్న బోర్డు), రెండు మోటార్లు, నాలుగు చక్రాలు కొనివ్వండి. చిన్న బండి చేయమనండి. వాడు దేని దగ్గర తిండి మరిచి కూర్చుంటాడో గమనించండి. చక్రాలు, ఫ్రేమ్ దగ్గరైతే మెకానికల్. వైరింగ్, సెన్సార్ల దగ్గరైతే ఈసీఈ లేదా ట్రిపుల్ఈ. కోడ్ దగ్గరైతే సీఎస్‌ఈ. కౌన్సెలింగ్‌లో వెబ్ ఆప్షన్లు ఆ వరుసలోనే పెట్టండి.