చింతపండు తగలనివ్వకండి

ప్రశ్న: మా తాతగారు విదేశాల నుంచి తెచ్చిన అరచేయంత కంచు ముఖం ఒకటి ఇంట్లో ఉంది. గడ్డం, తల చుట్టూ ఆకులు, వెనక బోలు. పాతకాలపు గ్రీకు దేవుడంటారు. వానాకాలం వస్తే లేత పచ్చ పొడి రాలుతోంది. పూజ సామాన్లలా చింతపండుతో తోమవచ్చా?
- ఒక పాఠకురాలు, మెహదీపట్నం

జవాబు: వద్దండీ. చింతపండు పులుపు మురికితో పాటు పైపొరనూ కరిగిస్తుంది. గడ్డం వెంట్రుకల గీతలు, కనురెప్పల అంచులు నిలిచి ఉండేది ఆ పొరలోనే. ఉప్పు కలిపితే మరీ చేటు, ఎందుకంటే ఈ పచ్చపొడి రోగానికి (బ్రాంజ్ డిసీజ్) మూలం ఉప్పులో ఉండే క్లోరైడే.

మట్టిలో ఉన్నన్నాళ్లూ ఉప్పు కంచులోకి దిగి, రాగి, క్లోరిన్ కలిసిన క్యూప్రస్ క్లోరైడ్‌గా లోపల దాగుతుంది. తేమ, గాలి తగిలితే అది పచ్చపొడిగా మారుతూ ఆమ్లాన్ని వదులుతుంది. ఆ ఆమ్లం కొత్త రాగిని తింటుంది. తుడిచినా మళ్లీ రావడం అందుకే. ముదురు రంగులో గట్టిగా పట్టుకున్న పొర మంచిదే, దాని జోలికి పోవద్దు. టూత్‌పిక్ తగిలితే పిండిలా రాలిపోయేదే రోగం.

చేతులకు నైట్రైల్ గ్లౌజులు వేసుకుని, పొడి మెత్తటి బ్రష్‌తో రాలేంత వరకే దులపండి. నీళ్లు, నూనె వద్దు. గాలి చొరబడని పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్ డబ్బాలో, వస్తువు బరువుకు తగ్గకుండా తేమ పీల్చే ఆరెంజ్ సిలికా జెల్‌తో ఉంచండి. తేమ కొలిచే చిన్న హైగ్రోమీటర్ కూడా పెట్టండి. తేమ 35 శాతం లోపు ఉండాలి, 42 దాటితే రోగం మళ్లీ కదులుతుంది. జెల్ రంగు మారగానే విడిగా తీసి, ఓవెన్‌లో 110 డిగ్రీల దగ్గర ఆరబెట్టి, చల్లారాక పెట్టండి. చెక్క బీరువా వద్దు, చెక్క నుంచి వచ్చే ఆవిరి ఆమ్లాలు లోహాన్ని తింటాయి. ఆల్కహాల్‌లో 3 శాతం బెంజోట్రయాజోల్ (రాగి తినకుండా ఆపే రసాయనం) పట్టించే పని మ్యూజియం సంరక్షకులదే. ఆ రసాయనం ఇంట్లో ప్రయోగించేది కాదు.

ఇక దేవుడెవరంటారా? ఆకులు ఐవీ తీగవై, నుదుట పట్టీ ఉంటే ద్రాక్షసారా దేవుడు డయోనైసస్ కావచ్చు. బట్టతల, చప్పిడి ముక్కు, గుర్రపు చెవులు ఉంటే ఆయన వెంట తిరిగే సైలీనస్. ఇలాంటి ముఖాలను మంచాల తలగడ వైపు, బకెట్ల పిడి మొదట్లో బిగించేవారు. వెనక సీసం మరకో, మేకు కన్నమో ఉందేమో చూడండి. కళ్ల గుంతలు ఖాళీగా ఉంటే వాటిలో పొదిగిన వెండి ఊడిపోయి ఉండవచ్చు. అసలుదో కాదో తేల్చడానికి ఏ లోహాలు ఎంతున్నాయో చెప్పే ఎక్స్-రే ఫ్లోరోసెన్స్ పరీక్ష సాయపడుతుంది. నాటి గ్రీకు కంచు ప్రధానంగా రాగి, తగరం, కొన్నిట్లో సీసం. జింకు ఎక్కువగా కనబడితే అనుమానించాల్సిందే.

ప్రశ్న: దక్కన్‌లో గ్రీకు దేవుళ్ల కంచు బొమ్మలు దొరికాయా?

జవాబు: దొరికాయి. 1940లలో కొల్హాపూర్ బ్రహ్మపురిలో సముద్ర దేవుడు పొసైడన్ చిన్న కంచు విగ్రహం బయటపడింది. రోమన్ వర్తకంతో శాతవాహనుల కాలంలో వచ్చినది. కొల్హాపూర్ టౌన్‌హాల్ మ్యూజియంలో చూడవచ్చు.